కోత పండుగకు తేదీ పెట్టేది ఎవరు? మన వరంగల్ చర్చిల పంటల కేలండర్

ఈ పోస్టు కొంచెం పొడుగే ఉంటది. కల్లం కాడ కాపలా ఉన్నోళ్ళు, కొనుగోలు సెంటర్ల కాంటా కోసం ఎదురు చూస్తున్నోళ్ళు తీరుబాటుగా చదువుకోండి.

వానాకాలం వరి కోతలు మొదలైతే మన పాత వరంగల్ జిల్లా ఊర్లలో ఇంకో పండుగ కూడా మొదలైతది. దానికి ప్రభుత్వ సెలవు లేదు, టీవీల్లో చూపించరు. చర్చి గుమ్మానికి వరి గొలుసులు కడతరు. లోపల బల్ల ముందర గుమ్మడికాయలు, సొరకాయలు, మక్క కంకులు, మిర్చి, పసుపు కొమ్ములు, కొత్త బియ్యం, కోడిపుంజు, ఒక్కోసారి మేకపిల్ల కూడా. ఆరాధన అయిపోయినంక వాటిని బయట హరాజు పెడతరు. పది రూపాయల సొరకాయను ఐదు వందలకు పాడేటోళ్ళు ఉంటరు. దీన్నే కోత పండుగ అంటరు. కృతజ్ఞతా పండుగ అని కూడా పిలుస్తరు.

మీరు ఎప్పుడైనా గమనించిన్రా? క్రిస్మస్‌కు డిసెంబర్ 25 అని తేదీ ఉంది. ఈస్టర్‌కు పౌర్ణమి లెక్క ఉంది. కోత పండుగకు మాత్రం అట్లాంటి ఒక్క తేదీ లేదు. ఒక ఊర్ల నవంబర్‌లో అయితే, పక్క ఊర్ల క్రిస్మస్ దాటినంక చేస్తరు. బయటోళ్ళకు ఇది పద్ధతి లేనట్టు కనపడుతది. కానీ దీని వెనుక పెద్ద చరిత్రే ఉంది. ఆ చరిత్ర పాలస్తీనాలో మొదలై, ఇంగ్లండు మీదుగా, తమిళనాడు తిరునెల్వేలి మీదుగా, మన డోర్నకల్ జంక్షన్ కాడ దిగింది. మతం ఏదైనా, రైతు తెలుసుకోవాల్సిన కథ ఇది. ఇందులో దేవుడి సంగతి ఎంత ఉందో, కూలి సంగతి, గింజల సంగతి కూడా అంతే ఉంది.

ముందు వానల లెక్క

తెలుగు బైబిల్‌లో 'తొలకరి వర్షము', 'కడవరి వర్షము' అని రెండు మాటలు వస్తయి. తొలకరి అనంగానే మనకు ఏం గుర్తొస్తది? రోహిణి దాటి మృగశిర ప్రవేశించే రోజులు, జూన్ నెల, అచ్చు తోలిన చెలకలు. కానీ పాలస్తీనాలో తొలకరి పడేది అక్టోబర్, నవంబర్‌లలో. అక్కడ వానలు చలికాలంలో పడుతయి. ఎండాకాలమంతా చుక్క వాన ఉండదు. కడవరి వాన మార్చి, ఏప్రిల్‌లలో. అంటే మాట మనదే, నెల వేరు. మనకు నాగళ్ళు కట్టే కాలం వాళ్ళకు కల్లాల కాలం.

దీన్ని మనసులో పెట్టుకుంటే పాత యూదుల పండుగలు తేలిగ్గా అర్థమైతయి. పస్కా పండుగ వారంలో యవల తొలి పనను గుడికి తెచ్చేటోళ్ళు. అక్కడి నుంచి యాభై రోజులు లెక్కబెట్టి గోధుమ కోతల పండుగ. దాన్నే వారముల పండుగ అన్నరు. క్రైస్తవులు చేసుకునే పెంతెకొస్తు ఆ రోజు నుంచే వచ్చింది. ద్రాక్ష, ఒలీవ పండ్లు ఇంటికి చేరినంక పర్ణశాలల పండుగ. మూడూ రైతు పండుగలే. గుడి కేలండర్‌ను పొలమే రాసింది.

ఇప్పుడు అదే కేలండర్‌ను తెచ్చి వరంగల్‌లో గోడకు తగిలించండి. పెంతెకొస్తు మే 10 నుంచి జూన్ 13 లోపల ఎప్పుడైనా వస్తది. అక్కడ గోధుమ కోసి సంబరం చేసుకునే రోజు. ఇక్కడ మనం విత్తనాల షాపు ముందర లైన్ల నిలబడి, మబ్బు దిక్కు చూసే రోజు. అక్కడ చేతికి వచ్చిన పంట, ఇక్కడ ఇంకా భూమిలో పడని గింజ. పండుగ పేరు ఒక్కటే అయినా రైతు గుండెల్లో ఉండే భావం పూర్తిగా వేరు.

ఇంగ్లండు నుంచి వచ్చిన పండుగ

ఇప్పుడు మనం చూస్తున్న రూపంలో చర్చి కోత పండుగ అంత పాతది కాదు. ఇంగ్లండులో ఆగస్టు మొదట్లో కొత్త గోధుమ రొట్టెను చర్చికి తెచ్చే ఆచారం పాతకాలంలో ఉండేది. అది సన్నగిల్లింది. 1843లో కార్న్‌వాల్ ప్రాంతం మోర్వెన్‌స్టో అనే ఊరి పాస్టరు రాబర్ట్ స్టీఫెన్ హాకర్, కోతలు అయినంక ఊరోళ్ళను చర్చికి పిలిచి ప్రత్యేకంగా కృతజ్ఞతా ఆరాధన చేసిండు. ఆ పద్ధతి దేశమంతా పాకింది. చర్చిని కూరగాయలతో, పండ్లతో, గోధుమ పనలతో అలంకరించడం అక్కడ మామూలైంది. గోధుమ కోతలు ఆగస్టు, సెప్టెంబర్‌లలో అయిపోతయి కాబట్టి పండుగ సెప్టెంబర్ చివర్లో, అక్టోబర్ మొదట్లో వచ్చేది.

ఇంగ్లండు మిషనరీలు ఎక్కడికి పోతే అక్కడికి ఈ పండుగను మూటగట్టుకొని పోయిన్రు. కానీ సెప్టెంబర్ చివర్లో మన కాడ ఏముంటది? ఉత్తర కార్తె పోయి హస్త వచ్చే రోజులు. వరి పొట్ట మీద ఉంటది, లేకపోతే అప్పుడప్పుడే ఈనుతుంటది. పత్తి కాయ పగలడం మొదలైతది అంతే. హస్త, చిత్త కార్తెల్లో ఏ తుపానో వస్తే ఏడాది కష్టం నీళ్ళ పాలు. అట్లాంటి రోజుల్లో 'పంట ఇచ్చినవు, వందనాలు' అంటే అది ఇంకా రాని పంటకు చెప్పిన వందనమే. అందుకే ఇక్కడ పండుగ జరగాల్సి వచ్చింది. ఇంగ్లండు తేదీని వదిలేసి, ఊరి కల్లం ఎప్పుడు లేస్తే అప్పటికి పోయింది. చెరువు కింద నాట్లు ముందుగా పడే ఊరికి ఒక తేదీ, ఆలస్యంగా నీళ్ళొచ్చే ఊరికి ఇంకో తేదీ. పాకాల, లక్నవరం, రామప్ప ఆయకట్టు ఊర్ల కోతలూ, జొన్న, కంది మీద బతికే చెలక ఊర్ల కోతలూ ఒక్కసారి రావు కదా! మొదట్లో నేను పద్ధతి లేనట్టు కనపడుతది అన్నది ఇదే. అసలు పద్ధతి అంటే అదే.

డోర్నకల్‌లో దిగినోళ్ళు

ఇక మన జిల్లా కథ. 1879లో ఒంగోలు దిక్కు నుంచి అమెరికన్ బాప్టిస్టు మిషన్ హనుమకొండకు వచ్చింది. నిజాం రైలు మార్గం 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరింది. ఇల్లందు బొగ్గు గనులకు చీలిక లైను పోయే కాడ డోర్నకల్ జంక్షన్ పుట్టింది. అప్పుడు అది నిజాం రాజ్యంలో వరంగల్ జిల్లా. తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడ్డ 2016 దాకా కూడా వరంగల్ జిల్లానే. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది.

ఆ డోర్నకల్‌కు వచ్చినోళ్ళు తెల్లదొరలు కారు. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు తమ సొంత పైసలతో 'ఇండియన్ మిషనరీ సొసైటీ' పెట్టుకున్నరు. విదేశీ డబ్బు లేకుండా, విదేశీ మనుషులు లేకుండా, మన దేశపోళ్ళే నడిపిన మిషన్ అది. వాళ్ళు పని కోసం ఎంచుకున్న చోటు డోర్నకల్. ఆ సొసైటీ పెట్టినోళ్ళలో ముఖ్యుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విలై అనే ఊర్ల పుట్టిండు. 1909లో తనే డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకొని, ఇక్కడే ఉండిపోయిండు. 1910లో స్కాట్లండు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో లేచి నిలబడి, మీ త్యాగాలు సరే గాని మాకు మీ స్నేహం కావాలి అని తెల్లోళ్ళ ముఖం మీదనే అడిగిన మనిషి ఈయనే. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయన. ఆ గౌరవం మద్రాసుకో బొంబాయికో దక్కలేదు. మన డోర్నకల్‌కు దక్కింది.

ఆయన చేతిలోకి వచ్చినప్పుడు చిన్న అధ్యక్ష మండలం. తర్వాత కృష్ణా జిల్లా దిక్కు సి.ఎం.ఎస్. మిషన్ ప్రాంతాలు కలిసినయి. 1940ల మొదటికి సభ్యుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వాళ్ళలో చాలా మంది మాలలు, మాదిగలు. భూమి లేనోళ్ళు. దొరల కాడ జీతం ఉండేటోళ్ళు, వెట్టి చేసేటోళ్ళు. ఇక్కడి నుంచే అసలు విషయం మొదలైతది.

కల్లం కాడ చేయి చాచిన మనిషి

పాత పెద్దమనుషులను అడిగితే 'మేర' అనే మాట చెప్తరు. కుప్ప నూర్చినంక కల్లం కాడికి ఊరి పనోళ్ళు వస్తరు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, మాదిగ, నీరడి. ఏడాది పొడుగునా చేసిన పనికి గింజల రూపంలో ఇచ్చే వాటానే మేర. మోట బొక్కెన కుట్టిన మాదిగకు, చెరువు తూము కాచిన నీరటి మనిషికి కుంచాల లెక్కన కొలిచి పోసేటోళ్ళు. కూలి కూడా గింజలే. పేరుకు అది హక్కు. కానీ కొలిచేటోడు పైన నిలబడుతడు, తీసుకునేటోడు వంగి కొంగు పడుతడు. కొలతలో కోత పెట్టినా అడిగే నోరు ఉండేది కాదు. వాళ్ళు తాకితే గింజలు మైలపడుతయని దూరం నుంచి పోసిన రోజులు కూడా ఉన్నయి.

అట్లా కల్లం కాడ వంగి తీసుకున్న మనిషి, కోత పండుగ రోజు ఏం చేసిండు? అదే గింజల్లో నుంచి ఒక మానెడో, తవ్వెడో విడిగా తీసి, కొత్త గుడ్డలో కట్టుకొని, నెత్తి మీద పెట్టుకొని, తలెత్తుకొని నడిచిండు. తీసుకునేటోడు ఆ రోజు ఇచ్చేటోడు అయిండు. నాలుగు మెతుకుల కోసం ఏడాదంతా ఒకరి వాకిట్ల నిలబడ్డ మనిషి, ఒక్క రోజు తన చేతులతో తను ఇచ్చిండు. ఇచ్చింది ఎంత అనేది లెక్క కాదు. ఇయ్యగలిగిండు అనేదే లెక్క.

అజరయ్యకు ఈ సంగతి బాగా తెలుసు. బీదోళ్ళ నుంచి కానుక అడగొద్దు, పాపం వాళ్ళకే లేదు అనేది అప్పట్లో చాలా మంది మాట. ఆయన దాన్ని ఒప్పుకోలేదు. బీదోణ్ణి ఇయ్యకుండా ఆపితే వాణ్ణి ఎప్పటికీ అడుక్కునేటోడిగా ఉంచినట్టే అని ఆయన ఆలోచన. విదేశీ పైసల మీద బతికే సంఘం ఎన్నడూ తన కాళ్ళ మీద నిలబడదు అన్నడు. దాతృత్వం మీద 'క్రిస్టియన్ గివింగ్' అని పుస్తకమే రాసిండు. ఊర్లలో మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటి మీద యుద్ధం ప్రకటించిండు. అప్పు మూడో పేరు అని గుర్తు పెట్టుకోండి. మన రైతుల పేజీలో ఆ మాట చదివితే నూరేళ్ళ కిందిది అనిపించదు.

ఏడాదికొక్క కోత పండుగే కాదు. పిడికెడు బియ్యం అనే పద్ధతి కూడా ఉండేది. పొద్దున పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడు, ఇంటి ఇల్లాలు వండే బియ్యంలో నుంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తది. ఆదివారం నాటికి ఆ కుండ నిండుతది. అది చర్చికి పోతది, అక్కడి నుంచి ఉపదేశి జీతానికో, ఆకలిగొన్న ఇంటికో పోతది. పైసలు కంటికి కనపడని ఇంట్ల కూడా పిడికెడు బియ్యం తీసే చెయ్యి ఉంటది. ఈ పనిలో మగోళ్ళ పెత్తనం లేదు. కుండ ఆడోళ్ళది, పిడికిలి ఆడోళ్ళది. మన దేశంలో పొదుపు సంఘాలు రాకముందే ఇట్లాంటి కుండలు ఉన్నయని మనం మర్చిపోవద్దు.

ఏడాది పొడుగునా

కోత పండుగ ఒక్కటే కాదు, మిగతా ఆరాధనలు కూడా ఇక్కడి మట్టి రంగు పులుముకున్నయి. ఒక్కొక్కటి చూద్దాం.

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. యూరప్‌లో అప్పుడు చీకటి, మంచు, పనులు లేని రోజులు. మన కాడ పత్తి తీసుడు, వరి కోతలు, వడ్లు ఆరబోసుడు, యాసంగి నారుమళ్ళు. ఏడాదిలో ఎక్కువ పని ఉండే రోజులే ఇవి. అయినా రాత్రిపూట పాటల బృందాలు ఇంటింటికీ తిరుగుతయి. పగటి పని అయినంకనే పండుగ.

మట్టల ఆదివారం పేరు చూడండి. యెరూషలేంలో ఖర్జూర మట్టలు పట్టుకున్నరు. మన కాడ ఈత మట్ట, తాటి మట్ట. తాళ్ళకూ ఈదులకూ కొదువ లేని నేల మనది. అందుకే ఆదివారానికి ఆ పేరే పడ్డది. క్యాథలిక్ గుళ్ళలో పోయిన ఏడాది మట్టలను దాచి, కాల్చి, ఆ బూడిదనే తపస్సు కాలం మొదటి రోజు బూడిద బుధవారం నాడు నుదుట పెడతరు. పచ్చగా ఊపిన మట్టే ఏడాది తిరిగేసరికి బూడిద అయి మనిషికి మన్ను గుర్తు చేస్తది. రైతుకు ఈ పాఠం కొత్తది కాదు.

ఈస్టర్ లెక్క మన పంచాంగానికి దగ్గర. మార్చి 21 నాడు గాని, ఆ తర్వాత గాని వచ్చే మొదటి పౌర్ణమి దాటిన ఆదివారం ఈస్టర్. మనకు హోలీ పౌర్ణమో, చైత్ర పౌర్ణమో ఆ దగ్గర్లో ఉంటది. 2024లో హోలీ మార్చి 25న వస్తే ఈస్టర్ మార్చి 31న వచ్చింది. 2025లో చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 12న, ఈస్టర్ ఏప్రిల్ 20న. అంటే ఇది చంద్రుడి పండుగ. ఈస్టర్ ముందు సమాధులకు సున్నం వేస్తరు, పూలు పెడతరు, తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడుతరు. మనం పెత్రమాసకు పెద్దలకు బియ్యం ఇస్తం. ఆ రెండింటి వెనుక నమ్మకాలు వేరు. కానీ పోయినోళ్ళను ఏడాదికొకసారి పేరు పెట్టి తలుచుకోవాలనే ఆరాటం ఒక్కటే.

ఈస్టర్ తర్వాత ఐదో ఆదివారం ఆంగ్లికన్ పద్ధతిలో పంటల కోసం ప్రార్థన చేసే ఆదివారం. ఇంగ్లండులో అప్పుడు చేను పచ్చగా ఉంటది, ఊరేగింపుగా పొలాల గట్ల మీద తిరిగేటోళ్ళు. మన కాడ అది ఎండాకాలం నడినెత్తి. చెరువు అడుగు కనపడుతది, బోరు గాలి కొడుతది. ఆ ప్రార్థన ఇక్కడ వాన కోసం మొర అయితది.

డోర్నకల్ పెద్ద చర్చి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పైసా పైసా కూడబెట్టి, ఏళ్ళ తరబడి కట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన్రు. అది ఎపిఫనీ పండుగ రోజు, చర్చి పేరు కూడా అదే. తూర్పు దేశపు జ్ఞానులు కానుకలు పట్టుకొని వచ్చిన రోజు అది. కానుక తెచ్చినోళ్ళు తూర్పోళ్ళు. ఆ పేరు ఒక భారతీయ బిషప్ కట్టిన చర్చికి ఎందుకు నప్పిందో వేరే చెప్పక్కర్లేదు. కట్టడం చూస్తే గుమ్మటాలు, మినార్లు, దేవాలయ మండపాల తీరు స్తంభాలు అన్నీ కలిసి ఉంటయి. ఇంగ్లండు చర్చిని తెచ్చి దించినట్టు ఉండదు. జనవరి 6 అంటే సంక్రాంతికి వారం ముందర. కొత్త బియ్యం ఇంట్ల ఉండే రోజులు. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూసిండు. డోర్నకల్ మట్టిలోనే ఆయన సమాధి ఉంది. సంఘాలన్నీ ఒక్కటి కావాలని ఆయన చివరి దాకా పాటుపడ్డడు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దాన్ని చూడటానికి ఆయన లేడు.

కాజీపేట దిక్కు కథ వేరే పాయ. 1952 డిసెంబర్‌లో వరంగల్ క్యాథలిక్ మేత్రాసనం ఏర్పడింది. మొదటి బిషప్ ఇటలీ దేశపు ఆల్ఫోన్సో బెరెట్టా, 1985 దాకా ఉన్నడు. ఫాతిమా మాత పేరు మీద పెద్ద గుడి, ఆ పేరుతోనే ఫాతిమానగర్. హనుమకొండ బాప్టిస్టులు ఈ తపస్సు కాలాల లెక్కలు పెద్దగా పట్టించుకోరు. వాళ్ళకు ప్రతి ఆదివారమూ పునరుత్థానమే. పద్ధతులు మూడు తీర్లు. కానీ కొత్త పంటలో తొలి భాగం వేరే తీయాలి అనే మాట మాత్రం అందరికీ అర్థమైతది. ఆ మాట మన ఏజెన్సీ కోయల కొత్తల పండుగలో ఉంది, సంక్రాంతి కొత్త బియ్యంలో ఉంది. గింజ పండించినోడు ముందుగా తనే తినడు అనేది రైతు లోకమంతటా ఉన్న నీతి.

పరిగె పోయింది

ఇంకో మాట. బైబిల్‌లో రూతు కథ ఉంది. మొగడు చనిపోయిన పరదేశపు ఆడమనిషి, అత్తను బతికించుకోవడానికి యవల చేనుకు పోయి కోతగాళ్ళ వెనుక 'పరిగె' ఏరుకుంటది. తెలుగు బైబిల్ వాడిన మాట అదే, మన మాట. చేను అంచులు పూర్తిగా కోయొద్దు, రాలిన కంకి మళ్ళీ ఏరొద్దు, అది బీదోళ్ళది, పరదేశిది అని మోషే ధర్మశాస్త్రంలో రాసి ఉంది. మన ఊర్లలో ఏ శాస్త్రం రాయకుండానే ఈ ధర్మం నడిచింది. కోత అయినంక ముసలోళ్ళు, పిల్లలు పరిగె ఏరుకునేటోళ్ళు. చేను గలాయన చూసీ చూడనట్టు ఉండేటోడు.

ఇప్పుడు పరిగె ఏది? కోత మిషన్ వచ్చింది. గంటలో ఎకరం కోసి, నూర్చి, ట్రాక్టర్లో పోసి పోతది. మిషన్ తప్పు అని నేను అనను, కూలీలు దొరకనప్పుడు అదే దిక్కు. కానీ దాంతో పాటు కల్లం పోయింది, మేర పోయింది, పరిగె పోయింది. గింజ ఇప్పుడు చేను నుంచి సీదా సెంటర్‌కు పోతది, మనకు బ్యాంకు మెసేజ్ వస్తది. పత్తి, మిర్చి సంగతి చెప్పక్కర్లేదు, అవి కడుపు నింపే పంటలు కావు. ఏనుమాముల మార్కెట్ల బస్తా దిగినంక గాని వాటి విలువ తెలియదు. అందుకని కోత పండుగలో కూడా గింజలు తగ్గి కవర్లు పెరిగినయి. హరాజులో ఎవరు ఎక్కువ పాడిండు అనేది పేరు కోసం పోటీ అయిన చోట్లు ఉన్నయి. పిడికెడు తెచ్చిన ముసలమ్మ ఆ పాటల మధ్యల వెనుకకు పోతది.

నా అభిప్రాయం సూటిగా చెప్తున్న. ఏ పండుగ బీదోణ్ణి ఇచ్చేటోడిగా నిలబెట్టిందో, అదే పండుగ ఇయ్యలేనోణ్ణి సిగ్గుపడేటట్టు చేస్తే, దాని ప్రాణం పోయినట్టే.

మరి పంటనే రాకపోతే? 1997, 98లలో మన వరంగల్ జిల్లాలో పత్తి పురుగుకు మందు పనిచేయక, అప్పు తీరక ఎంత మంది రైతులు అదే మందు తాగి పోయిన్రో అందరికీ తెలుసు. ఆ ఏడాది కూడా నవంబర్ వచ్చింది, కోత పండుగ కాలం వచ్చింది. కృతజ్ఞత ఎవరు చెప్పాలి, దేనికి చెప్పాలి? బైబిల్‌లో హబక్కూకు అనే ప్రవక్త చిన్న పుస్తకం ఉంది. చివర్లో ఆయన చెట్టు పూయకున్నా, చేను పండకున్నా, కొట్టంలో పశువు లేకున్నా నేను ఆనందిస్తనంటడు. ఆ మాటను కడుపు నిండినోడు ఎండిన చేను గలాయనకు చెప్తే క్రూరత్వం అయితది. చెప్పే హక్కు ఎండిన చేను గలాయనకే ఉంది. పక్కనున్నోళ్ళు చేయాల్సింది వేరే ఉంది. వచ్చిన కానుకలను ఆ ఇంటి దిక్కు మళ్ళించడం. తొలి పంట గంప తెమ్మన్న అదే ధర్మశాస్త్రం, దిక్కులేనోళ్ళకూ విధవలకూ పంటలో వాటా పెట్టమని కూడా చెప్పింది. సగం చదివి సగం వదిలేస్తే ఎట్ల?

కాబట్టి మిత్రులారా, చర్చికి పోయేటోళ్ళకు నాదొక్క మనవి. ఈసారి కోత పండుగకు కవరుతో పాటు ఒక దోసెడు గింజలు కూడా పట్టుకపోండి, పిల్లల చేత మోయించండి. ఈ ఏడాది పంట పోయిన ఇల్లు ఏదో ముందుగా కనుక్కోండి, హరాజు పైసల్లో వాళ్ళ పేరు మీద కొంత తీయండి. చర్చికి పోనోళ్ళు, మీ ఊర్ల కోత పండుగ ఏ నెలల అయితదో ఒక్కసారి అడిగి చూడండి. ఆ నెల మీ ఊరి చెరువు చరిత్ర చెప్తది, పాత పంటల చరిత్ర చెప్తది. మీ ఇంట్ల ముసలోళ్ళుంటే మేర ఎంత కొలిచేటోళ్ళో, పరిగె ఏ చేన్ల ఏరుకున్నరో, పిడికెడు బియ్యం కుండ ఎవరింట్ల ఉండేదో అడగండి. వాళ్ళు చెప్పింది ఇక్కడ కామెంట్లల్ల రాయండి. ఊరి పేరు, పంట పేరు, నెల పేరు మర్చిపోకుండా రాయండి. రాయకపోతే ఈ లెక్కలన్నీ వాళ్ళతోనే పోతయి.

వడ్లు బాగా ఆరబెట్టి తేమ చూసుకొని సెంటర్‌కు తీసుకపోండి. మబ్బులు పడుతున్నయి, పట్టాలు దగ్గర పెట్టుకోండి.